ఎండకు నడిచే మోటారు, అడుగంటే బోరు: ఇంధన, వ్యవసాయ, జలవనరుల శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఇంధన, వ్యవసాయ, జలవనరుల శాఖల మంత్రులకు, ఆ శాఖల ఉన్నతాధికారులకు, రాయలసీమ శాసనసభ్యులకు నమస్కారాలు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోని మా ఊళ్లో, మా నాయన వదిలివెళ్లిన నాలుగున్నర ఎకరాల్లో చీనీ (బత్తాయి) చెట్లు, కొద్దిగా వేరుశనగ పెట్టుకుని బతుకుతున్న రైతును. సౌరశక్తి పాఠం చెప్పిన ప్రతి ఏడూ, బొగ్గు, చమురు ఎప్పటికైనా అయిపోతాయని, సూర్యుడు మాత్రం ఇంకా 500 కోట్ల ఏళ్లు వెలుగుతాడని, ఆ వెలుగును వాడుకోవడం నేర్చుకున్ననాడు మనిషి మనుగడకు ఢోకా ఉండదని పిల్లలకు నమ్మకంగా చెప్పేవాణ్ణి. మీ 2024 నాటి సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం వెనుక ఉన్నదీ ఆ నమ్మకమే. 160 గిగావాట్లకు పైగా స్వచ్ఛ విద్యుత్ సామర్థ్యాన్ని, 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులను లక్ష్యంగా పెట్టుకున్న ఆ విధానాన్ని నేను తప్పుపట్టడం లేదు. అయితే నేను పిల్లలకు చెప్పిన మాటలో సగమే నిజమని ఒక పొలం గట్టు మీద కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది. మిగతా సగం మీకు విన్నవించడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నిరుడు ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మా పక్క పొలం రైతు సోలార్ పంపు దగ్గర గంటకు పైగా కూర్చున్నాను. ఐదు హార్స్‌పవర్ మోటారు, చిన్న రేకుల షెడ్డంత వెడల్పున పరచుకున్న పలకలు, వాటి నీడలో స్తంభానికి బిగించిన కంట్రోలర్ పెట్టె. మిట్టమధ్యాహ్నం ఎండకు గొట్టంలోంచి రెండంగుళాల నీళ్లు పావుగంట సేపు ధారగా పడ్డాయి. తరువాత ధార సన్నబడింది. ఆ తరువాత నీళ్లకు బదులు గాలి కొట్టి, కాస్త బురద చిమ్మి, అదీ ఆగిపోయింది. అడుగున నీళ్లు అందడం లేదని కంట్రోలర్ కనిపెట్టి మోటారును నిలిపేసింది. అరగంటకు మళ్లీ తనంతట తానే ఆన్ చేసింది, ఈసారి నీళ్లు పది నిమిషాలే వచ్చాయి. పారుతున్న మడిలో ముందురోజు కట్టిన నీళ్ల తడి ఇంకా ఆరలేదు. "నిన్ననే కట్టినావు కదప్పా, మళ్లీ ఈ రోజెందుకు?" అని అడిగాను. "ఎండ ఊరికే పోతాంది కద సారూ, ఆపితే మాత్రం నాకేమొస్తాది?" అన్నాడు.

ఆ రైతు ఆశపోతు కాదు. అతని లెక్కలో తప్పు లేదు. అతనికి యూనిట్‌కు ఖర్చు లేదు, ఆపినందుకు లాభం లేదు, అతను ఆపిన నీళ్లు పక్కవాడి బోరులోకి పోవని హామీ అంతకన్నా లేదు. ఆ పరిస్థితిలో బుద్ధిమంతుడైన ఏ రైతైనా అదే చేస్తాడు. ఆ యంత్రంలోనూ లోపం లేదు, అది పొగ వదలదు, డీజిల్ అడగదు, అర్ధరాత్రి లేపదు. రాత్రి కరెంటుకు నీళ్లు కట్టడానికి పోయి పాము కాటుకో, స్టార్టర్ డబ్బా దగ్గర షాకుకో బలైన మనుషుల ఇళ్లు మా మండలంలో ఏ ఊరికి పోయినా కనిపిస్తాయి. అందువల్ల పగటిపూట కరెంటు ఇచ్చే సౌరశక్తి మాకు ప్రాణదానమే. దాన్ని వెనక్కు తీసుకోమని నేను అడగడం లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. స్వచ్ఛమైన సాంకేతికత మనం దేన్ని మండిస్తున్నామో మార్చగలదు. భూమి నుంచి ఎంత తోడుకోవాలన్న హద్దును మాత్రం అది గీయలేదు. ఆ హద్దును మనుషులు కూర్చుని ఒప్పుకోవాలి, ఒప్పుకున్నవాడు నష్టపోకుండా ప్రభుత్వం చూడాలి. అది జరగనప్పుడు, ఎంత శుభ్రమైన యంత్రమైనా ఉన్న కొద్దిపాటి నీళ్లను మరింత వేగంగా ఖాళీ చేయడానికే పనికివస్తుంది.

మా బావి చరిత్ర చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. నా చిన్నతనంలో మా నాయన కపిల తోలేవాడు. ముప్పై ఐదడుగుల బావిలోంచి ఎద్దులు తోలుబాన లాగి పోసే నీళ్లతో ముక్కాలెకరా పారేది. ఎద్దులు అలసిపోగానే ఆ పూటకు నీళ్లు తోడడం ఆగేది, మరుసటి తెల్లవారికి బావి ఊరి యథాస్థితికి వచ్చేది. నీళ్లకు కాపలా కాసింది ఎద్దుల అలసటేనని అప్పట్లో మాకు తెలియదు. తరువాత ఆయిల్ ఇంజను వచ్చింది, మూడు హార్స్‌పవర్ కరెంటు మోటారు వచ్చింది, 1980లలో మీటరు తీసేసి హార్స్‌పవర్ లెక్కన స్లాబు చార్జీ పెట్టారు, 2004 మేలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఒక్కో మెట్టూ రైతు కష్టాన్ని తగ్గించింది, అదే సమయంలో ఒక్కో కాపలానూ తొలగించింది. బావి ఎండిన తరువాత మేము వేయించిన మొదటి బోరు 180 అడుగులు, రెండోది 350, మూడోది 720 అడుగులు. మూడోసారి పాయింటు చూడటానికి వచ్చినాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతుంటే, ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన నేను నోరు మెదపకుండా ఆయన వెనకాలే నడిచాను. అప్పు చేసి రిగ్గును పిలిపించిన మనిషికి ఆ సమయంలో ఏ ఆశనూ కాదనే ధైర్యం ఉండదు.

మా నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. పైన కొద్ది మీటర్ల మేర రాయి చివికి మెత్తబడిన పొరలోనే వాన నీరు స్పంజిలో ఇంకినట్టు ఇంకుతుంది, దాని కిందంతా రాతి బీటల్లో చిక్కుకున్న కాసిని నీళ్లే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ ప్రాంతంలో ఆ వానలో చిన్న భాగమే లోపలికి దిగుతుంది. పై పొరను మా తండ్రుల తరం తోడేసింది. 700 అడుగుల లోతున మేము తోడుతున్నది ఏ కాలం నాటి వానో చెప్పడం కష్టం. ఏడాదికేడాది ఊరే నీళ్లకు మించి తోడుతున్న ప్రాంతాన్ని అధిక వినియోగ ప్రాంతంగా కేంద్ర భూగర్భ జల మండలి వర్గీకరిస్తుంది. దేశం మొత్తం మీద ఏటా తోడే భూగర్భ జలం ప్రపంచమంతా కలిసి తోడే దాంట్లో నాలుగో వంతు. అమెరికా, చైనా రెండూ కలిపి తోడేదానికన్నా అది ఎక్కువ. ఇంతటి వాడకానికి ఇప్పుడు ఖర్చు లేని ఇంధనాన్ని జోడిస్తున్నాం.

సమర్థమైన యంత్రం వస్తే వాడకం తగ్గుతుందన్న ఆశ కొత్తది కాదు. అది తప్పవుతుందని 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త బొగ్గు విషయంలో చూపించాడు. స్కాట్లాండ్‌లో టన్ను ఇనుము తీయడానికి పట్టే బొగ్గు మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. అయినా 1830, 1863 మధ్య అక్కడ మొత్తం బొగ్గు వాడకం పది రెట్లు పెరిగింది. చౌకైన కొద్దీ ఇనుము వాడకం పెరిగింది, ఇనుము పెరిగిన కొద్దీ కొలుములు పెరిగాయి. ఇది చదివినప్పుడు నాకు నా తోటే గుర్తుకు వచ్చింది. ప్రభుత్వ రాయితీతో డ్రిప్పు వేసుకున్న తరువాత నా చీనీ చెట్లకు పట్టే నీళ్లు సగానికి సగం తగ్గాయి. మిగిలిన నీళ్లను నేను భూమిలో వదల్లేదు, మరో ఎకరా చీనీ నాటాను. డ్రిప్పు రాకముందు నా బోరు ఎంత తోడేదో ఇప్పుడూ అంతే తోడుతోంది. బిందు సేద్యం పెరిగిన చాలా దేశాల్లో ఇదే జరిగిందని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో వెలువరించిన అధ్యయనం కూడా చెప్పింది. నీటి వాటాపై హద్దు లేనిచోట, పొదుపు చేసే సాధనం సాగును విస్తరించే సాధనంగా మారుతుంది.

దేశం స్థాయిలో చూసినా ఈ తీరు మారలేదు. సౌరపలకల ధర 2010 నుంచి పదేళ్లలో దాదాపు 90 శాతం పడిపోయింది. నిజంగా ఇది మానవజాతి సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి. 2025 జనవరి చివరికి మన దేశ సౌర సామర్థ్యం 100 గిగావాట్లకు చేరింది. అదే ఆర్థిక సంవత్సరంలో, మార్చి నెలలో, దేశంలో ఆ ఏటి బొగ్గు ఉత్పత్తి మొదటిసారి 100 కోట్ల టన్నులు దాటింది. రెండింటినీ మనం పండుగలాగే ప్రకటించుకున్నాం. సౌరవిద్యుత్తు ఇంతవరకు బొగ్గు స్థానంలోకి రాలేదు, బొగ్గు పక్కన వచ్చి చేరింది. హవాయి దీవుల్లోని మౌనా లోవాలో 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల్లో సుమారు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడది 420 దాటింది. పలకల సంఖ్య పెరిగినంత మాత్రాన ఆ అంకె తగ్గదు. మండించే బొగ్గు తగ్గితేనే దాని పెరుగుదల నెమ్మదిస్తుంది.

సాంకేతికతతో ఏదీ సాధ్యం కాదని నేను అంటున్నానని దయచేసి అనుకోవద్దు. ఓజోన్ పొర విషయంలో సాధ్యమైంది. ఫ్రిజ్జుల్లో, స్ప్రేల్లో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఆ పొరను తినేస్తున్నాయని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు, 1985లో అంటార్కిటికా మీద రంధ్రం బయటపడింది, 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కాలక్రమంలో ప్రపంచంలోని అన్ని దేశాలూ దానిలో చేరాయి, ఆ పొర ఇప్పుడు నెమ్మదిగా కోలుకుంటోంది. అక్కడ ప్రత్యామ్నాయ రసాయనాలను మార్కెట్లో పెట్టి, జనం వాటిని ఎంచుకుంటారని ఎదురుచూడలేదు. పాతవాటిని ఏ ఏటికి ఎంత తగ్గించాలో ముందు రాసుకున్నారు, పేద దేశాలకు అదనపు గడువు, నిధులు ఇచ్చారు. హద్దు ఖరారైన తరువాత పరిశ్రమలే కొత్తదారులు వెతుక్కున్నాయి. ఆ కొత్త రసాయనాల్లో కొన్ని భూమిని వేడెక్కిస్తాయని తేలాక, వాటికీ హద్దు పెట్టడానికి 2016లో కిగాలీలో మళ్లీ కూర్చోవలసి వచ్చింది. మనుగడ అంటే అలా మళ్లీ మళ్లీ కూర్చుని కొలుచుకోవడమేనని నాకు అనిపిస్తుంది.

హంద్రీ-నీవా నీళ్లు వస్తున్నాయి కదా, ఇంకా భూగర్భ జలాల గొడవ ఎందుకని కొందరు అడుగుతారు. ఆ నీళ్లు వచ్చిన చెరువుల కింద బోర్లు మళ్లీ పోశాయి, అది చూసి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఆ పథకానికి కేటాయించిన 40 టీఎంసీలు కృష్ణా వరద జలాలు. ఎగువన వరద వచ్చిన ఏడు మాత్రమే అవి నిండుగా వస్తాయి. వాటిని ఎత్తిపోస్తూ మా ఎత్తుకు తేవాలంటే ఏటా అపారమైన విద్యుత్తు కావాలి. వరద రాని ఏడు మేము బతికేది మా రాతిలో మిగిలిన నీళ్ల మీదే.

హద్దు పెట్టడం పల్లెల్లో కుదరదని, రైతులు ఒప్పుకోరని అధికారులు అనడం చాలాసార్లు విన్నాను. అది నిజం కాదని ఈ రాష్ట్రమే ఒకసారి ప్రపంచానికి చూపించింది. 2003 నుంచి కొన్నేళ్ల పాటు, నెదర్లాండ్స్ ప్రభుత్వం, ఆహార వ్యవసాయ సంస్థల తోడ్పాటుతో, అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని సుమారు 650 గ్రామాల్లో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఏపీఫామ్స్ అనేవారు. మా పక్క ఊళ్లో అది నడిచిన రోజుల్లో నేను సెలవు పూటల్లో పోయి చూసేవాణ్ణి. బడి మానేసిన పిల్లవాడొకడు, ఇద్దరు ఆడవాళ్లు, నలుగురు రైతులు కలిసి వానమాపకంలో రోజూ నీళ్లు కొలిచి పుస్తకంలో రాసేవారు. పదిహేను రోజులకొకసారి ఒక టేపు చివర గుండు కట్టి బోరులోకి వదిలేవారు, గుండు నీటిని తాకగానే పైన చిన్న పెట్టె కూత పెట్టేది, ఎన్ని అడుగుల దగ్గర కూసిందో గట్టిగా చదివేవారు. బోరు ఎంత పోస్తుందో డ్రమ్ము, స్టాప్‌వాచ్ పెట్టి తేల్చేవారు. అంగుళంన్నర నీళ్లు, రెండంగుళాల నీళ్లు అని చేతివేళ్లతో చూపించే మాట పోయి, నిమిషానికి ఇన్ని లీటర్లు అన్న మాట ఆ ఊళ్లో రచ్చబండ మీద వినిపించేది.

రబీ విత్తనం వేయకముందు ఊరంతా కూర్చునేది. ఖరీఫ్ వానలకు ఎంత ఇంకింది, ఎవరెవరు ఏ పంట వేయదలిచారు, వాటికెంత పడుతుంది అని గోడ మీద పట్టిక గీసి కూడిక, తీసివేత చేసేవారు. లోటు తేలితే ఎవరి వరి ఎంత తగ్గాలన్న వాదన రాత్రి పొద్దుపోయేదాకా నడిచేది. ఒక ఏడు, ఎకరా వరికి పోసే నీళ్లతో రెండెకరాల ఆరుతడి పంట పండుతుందని లెక్క చూపించాక, ఆ ఊళ్లో పెద్ద కమతం ఉన్న రైతే ముందుగా లేచి తన వరి సగానికి తగ్గిస్తానన్నాడు. ఎవరూ అతన్ని బలవంతపెట్టలేదు, జరిమానా అన్న మాటే రాలేదు. అందరి లెక్కా అందరికీ కనబడింది కాబట్టి అతను తగ్గాడు. ఇలా ఎవరూ ఒత్తిడి చేయకుండానే రైతులు నీటి వాడకాన్ని పెద్ద ఎత్తున తగ్గించుకున్న అరుదైన ఉదాహరణగా ప్రపంచ బ్యాంకు 2010 నాటి అధ్యయనం దీన్ని ప్రస్తావించింది. ప్రాజెక్టు ముగిసింది, టేపు తుప్పుపట్టింది, ఆ ఊళ్లో కొలవడం ఆగిపోయింది. 2019లో కేంద్రం ఇటువంటి నీటి ప్రణాళికలకే అటల్ భూజల్ యోజన తెచ్చి ఏడు రాష్ట్రాలకు వర్తింపజేస్తే, ఈ విద్య ప్రపంచానికి నేర్పిన తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ ఏడింటిలో లేవు.

ఏపీఫామ్స్‌లో లేనిది ఒకటుంది. తగ్గించుకున్న రైతుకు చేతికి ఏమీ వచ్చేది కాదు. ఆ లోటును సౌరశక్తి తీర్చగలదు, అందుకే దాని మీద నాకు ఇంత ఆశ. గుజరాత్‌లోని ఢుండి అనే ఊళ్లో 2016లో ఆరుగురు రైతులు అంతర్జాతీయ జల యాజమాన్య సంస్థ సాయంతో సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. మోటారుకు వాడగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముకునే ఏర్పాటు చేశారు. మా పక్క పొలం రైతు అడిగిన "ఆపితే నాకేమొస్తాది" అన్న ప్రశ్నకు ఆ ఊళ్లో సమాధానం ఉంది, ఆపితే నెలాఖరుకు డబ్బు వస్తుంది. అక్కడ ఎండ కూడా ఒక పంటే అయింది. పలకలు లేని మామూలు ఫీడర్ల (బోర్లకు కరెంటు తెచ్చే లైన్ల) మీద కూడా పంజాబ్ ప్రభుత్వం 2018లో ఇటువంటి పద్ధతే తెచ్చింది, రైతు తన కోటాలో వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ 4 రూపాయలు ఇస్తామంది. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం కింద కూడా, గ్రిడ్‌కు కలిపిన పంపుకు పలకలు బిగించుకున్న రైతు మిగులు కరెంటును విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కమ్‌కు) అమ్ముకునే వీలు కల్పించారు. ఫీడర్ మొత్తానికి ఒకే సౌర కేంద్రం కట్టి తొమ్మిది గంటలు ఉచితంగా వదిలే పద్ధతి డిస్కమ్‌కు సులువే, రైతుకు మాత్రం ఆపడానికి కారణం మిగల్చదు. గ్రిడ్‌తో కలపని విడి సోలార్ పంపు ఇంకా ఇబ్బంది, దాని మిగులు ఎండ వెళ్లడానికి బోరు తప్ప మరో దారి లేదు.

కాబట్టి మా ప్రాంతంలో, ముఖ్యంగా అధిక వినియోగ జాబితాలోని గ్రామాల్లో, విడి సోలార్ పంపులు మంజూరు చేయడం ఆపి, వాటిని గ్రిడ్‌తో కలపాలని మిమ్మల్ని కోరుతున్నాను. ఇప్పటికే పెట్టినవాటిని కూడా లైను అందినచోట కలపాలి. ఫీడర్‌కు సౌరవిద్యుత్తు ఇచ్చే ప్రతిచోటా బోరుకు ఇన్ని యూనిట్లని న్యాయమైన వాటా కట్టి, వాడకుండా మిగిల్చిన యూనిట్లకు రైతు ఖాతాలో డబ్బు వేయాలి. మీటరు అనగానే మా వైపు రైతులు ఉలిక్కిపడతారు, బిల్లు వస్తుందన్న భయం వాళ్లది. ఈ మీటరు వసూలు చేయడానికి కాదు, చెల్లించడానికేనని ఉత్తర్వులోనే రాసి ఇవ్వండి. బోరు లేని వానాధార రైతుకు ఇందులో ఏమీ దక్కకపోతే అది అన్యాయం అవుతుంది. నాలుగు బోర్లను గొట్టాలతో కలిపి పక్క చేలకు ఒకటి రెండు రక్షక తడులు ఇచ్చే రైతుల గుంపుకు యూనిట్ ధర కాస్త ఎక్కువ కట్టండి, నీళ్లు పంచుకునేవాడు పంచుకోనివాడి కన్నా లాభపడాలి. నీరు, భూమి, చెట్లను కాపాడటానికి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేసింది. అది అమలులో ఉన్నట్టు మా ఊళ్లో రాత్రిపూట తిరిగే రిగ్గుల చప్పుడు వింటే తోచదు. చట్టాన్ని గట్టిగా అమలు చేయడం కన్నా ముందు, కొత్త బోరు వేయకుండానే బతికే దారి చూపించండి, అప్పుడు చట్టానికి పని తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా ఒక్క జిల్లా రైతులు తమ బోర్లను కాపాడుకుంటే మానవజాతి మనుగడకు ఏమవుతుందని మీరు అడగవచ్చు. నాకు తెలిసినంతలో మనుగడ అన్నది ఎక్కడో ఒకచోట మొత్తంగా గెలిచేది కాదు. ఇటువంటి రాతినేలల మీద, ఇంతింత వానల మధ్య, ఎవరెవరు ఎంత తోడుకోవాలో ఒప్పుకోగలిగిన ఊళ్లు ఎన్ని ఉంటే అంత మేరకు మనిషి ఉంటాడు. పలకలు చేయగలిగే సాయం చాలా ఉంది, ఈ ఒప్పందం మాత్రం అవి చేయవు.

మా పక్క ఊరి పంచాయతీ కార్యాలయం వెనుక గోడ మీద 2008 నాటి రబీ పట్టిక ఇంకా కనబడుతుంది. వాన, ఇంకుడు, వరి, వేరుశనగ, లోటు అన్న గడులు వెలిసిపోయాయి, చివరి గడిలోని అంకె మాత్రం చదవవచ్చు. వచ్చే అక్టోబరులో ఆ గోడకు సున్నం కొట్టించి, పట్టిక మళ్లీ గీసి, రెండు ఊళ్ల రైతులనూ కూర్చోబెట్టాలని నలుగురం అనుకున్నాం. టేపు, గుండు, వానమాపకం మేమే కొనుక్కుంటాం. లెక్క ప్రకారం విత్తి మోటారు ఆపుకున్న రైతుకు మిగిలిన యూనిట్లకు ఎంత ధర కడతారో, ఆ కూటం జరిగేలోగా మీ శాఖల నుంచి ఒక ఉత్తర్వు మా చేతికి అందాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, చీనీ రైతు
శ్రీ సత్యసాయి జిల్లా